తలుపులు మూసిన గది ముందు



 మా ఇంట్ల పాడేవాళ్లు ఉన్నరు, డోలు కొట్టేవాళ్లు ఉన్నరు, మైకు ముందు నిలబడ్డోళ్లు మాత్రం ఎవరూ లేరు. తప్పులుంటే సర్దుకోండి.

2024 సెప్టెంబరు నుంచి నవంబరు ఆఖరు దాకా నేను చదువు పని మీద అమెరికాలో ఉన్న. న్యూయార్కు, వాషింగ్టన్, డెన్వర్, ఫీనిక్స్, శాన్ ఫ్రాన్సిస్కో తిరిగిన. పని లేని రోజల్లా మ్యూజియంలకే పోయిన. తిరిగొచ్చినంక అందరూ అడిగేది ఒకటే: "లిబర్టీ బొమ్మ చూసినవా? మంచు పడ్డదా?" బొమ్మ చూసిన. మంచు పడలేదు. ఆ ముచ్చట అయిపోయింది కాబట్టి, ఇక నేను నిజంగా ఏం చూసిననో చెప్త.

న్యూయార్కులో సెంట్రల్ పార్కు పక్కన అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ అని పెద్ద మ్యూజియం ఉంది. డైనోసార్ ఎముకలు, తిమింగలం బొమ్మ, గాజు వెనక సింహాలు, ఏనుగులు. న్యూయార్కు వాళ్లకు, పక్క రెండు రాష్ట్రాల వాళ్లకు ఇష్టమొచ్చినంత ఇచ్చి లోపలికి పోవచ్చట. మనలాంటి బయటోళ్లకు పూర్తి టికెట్. మన రూపాయల్లో లెక్కేసుకుంటే గుండె గుభేలుమన్నది. అయినా కొన్న. మూడో అంతస్తుకు ఎక్కిన. అక్కడ ఆదివాసుల గదులు రెండు ఉన్నయని చదువుకొని పోయిన. ఒకటి తూర్పు అడవుల తెగలది, ఇంకోటి మైదానాల తెగలది. రెండింటి తలుపులూ మూసి ఉన్నయి. నా పక్కన ఒక కుటుంబం, పిల్లలకు టీపీ గుడారం చూపిద్దామని వచ్చినట్టున్నరు, ఉసూరుమంటూ వెనక్కి తిరిగిపోయిన్రు. నేను మాత్రం ఆ మూసిన తలుపు ముందు చాలాసేపు నిలబడ్డ. డబ్బులు పెట్టి టికెట్ కొని, మూసిన తలుపు చూసి సంతోషపడ్డ మనిషి ఆ రోజు అక్కడ నేనొక్కదాన్నే అయి ఉంటా.

ఎందుకు మూసిన్రో చెప్పాలి. 1990లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. అక్కడి ఆదివాసుల ఎముకలు, సమాధుల్లోంచి తీసిన వస్తువులు, పూజ వస్తువులు, తెగ మొత్తానికి చెందిన వస్తువులు ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ మ్యూజియంలో ఉన్నా, వాటి జాబితా రాసి, ఏ తెగవో ఆ తెగకు చెప్పాలి. వాళ్లు అడిగితే తిరిగి ఇవ్వాలి. మంచి చట్టమే. కానీ మ్యూజియంలు ముప్పై ఏండ్లు నాన్చినయి. "ఇది ఏ తెగదో తేల్చలేకపోతున్నం" అని ఒక్క మాట రాస్తే చాలు, ఎముకలు పెట్టెల్లోనే ఉండేవి. 2024 జనవరిలో ఆ చట్టం నిబంధనలు మార్చిన్రు. అటువంటి వస్తువును ప్రదర్శనకు పెట్టాలన్నా, దాని మీద పరిశోధన చెయ్యాలన్నా ముందుగా ఆ తెగ ఒప్పుకోవాలి. ముందుగా! ఆ ఒక్క మాటతో దేశమంతా మ్యూజియంలలో కలవరం పుట్టింది. చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం గాజు పెట్టెల మీద గుడ్డలు కప్పింది. న్యూయార్కు వాళ్లు ఈ రెండు గదులూ మూసేసిన్రు. అంటే ఒప్పుకోలు లేకుండా ఇన్నేండ్లు ఎంత పెట్టుకున్నరో మీరే ఊహించుకోండి.

అదే మ్యూజియం గురించి ఇంకో కథ ఉంది. నేను పోయే ముందే చదివిన, అందుకే ఆ మెట్లెక్కుతుంటే కాళ్లు ఆడలేదు. 1897లో రాబర్ట్ పియరీ అనే యాత్రికుడు గ్రీన్లాండ్ నుంచి ఆరుగురు ఇన్యూట్ మనుషులను ఓడలో న్యూయార్కు తెచ్చిండు. అందులో కిసుక్ అనే తండ్రి, ఏడేండ్ల కొడుకు మినిక్ ఉన్నరు. వాళ్లను మ్యూజియంలోనే ఉంచిన్రు. కొన్ని నెలలకే నలుగురు క్షయతో చనిపోయిన్రు. కిసుక్ కూడా పోయిండు. కొడుకు కండ్ల ముందు అంత్యక్రియలు చెయ్యాలి గదా, చేసిన్రు. మ్యూజియం తోటలో రాత్రిపూట ఒక కట్టెకు తోలు చుట్టి, అదే మీ నాయన అని చెప్పి పూడ్చిన్రు. అసలు శరీరం లోపల ఉంది. ఎముకలు వేరు చేసి దాచిన్రు. పెద్దయినంక పిల్లగానికి నిజం తెలిసింది. నాయన ఎముకలు ఇమ్మని అడిగిండు. ఇవ్వలేదు. మినిక్ 1918లో చనిపోయిండు. ఆ నలుగురి ఎముకలు గ్రీన్లాండ్ మట్టికి చేరింది 1993లో.

మ్యూజియం ముందు గుర్రం మీద రూజ్‌వెల్ట్ విగ్రహం ఉండేది. ఆయన గుర్రం మీద, పక్కన నడుస్తూ ఒక ఆదివాసి, ఒక ఆఫ్రికా మనిషి. 1940లో పెట్టింది, 2022 జనవరిలో తీసేసిన్రు. నేను పోయేసరికి ఆ చోటు ఖాళీ. అంటే ఆ రోజు నేను చూసినవాటిలో నాకు బాగా గుర్తున్నవి రెండు: ఒక ఖాళీ చోటు, ఒక మూసిన తలుపు.

మీకు ఒక సంగతి చెప్పకపోతే ఈ ముచ్చట అంతా గాలిముచ్చట అయితది. నేను ఈ మ్యూజియంలన్నీ ఊరికే తిరగలేదు. ఒక వస్తువును వెతుక్కుంటూ తిరిగిన.

మేం డోలి కోయలం. గట్టు గోత్రాల పుట్టుపూర్వోత్తరాలు పాడే పని మాది. పడిగె విప్పి, అందులో బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తూ పాడతరు. మా తాత దగ్గర ఒక పడిగె ఉండేది. ఎర్రబట్ట, మూడు మూలలు, దాని మీద వేరే రంగు బట్టలు కత్తిరించి కుట్టిన బొమ్మలు. నేను పుట్టకముందే ఒకాయన జీపులో వచ్చిండు. కెమెరా ఉండెనట, మంచిగ మాట్లాడెనట, రెండు రాత్రులు మా ఇంట్లనే పండుకున్నడట. పోయేటప్పుడు పడిగె పట్టుకపోయిండు. ఎత్తుకపోలేదు. తాత అమ్మిండు. నాయనమ్మకు ఆ ఏడు జబ్బు చేసింది, దవాఖానకు డబ్బులు కావాలి. ఎంతకు అమ్మిండో తాత చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ వచ్చినాయన దొర అని ఒకరంటరు, హైదరాబాద్ మనిషి అని ఒకరంటరు. పేరు ఎవరికీ యాదికి లేదు.

అందుకని నేను ఏ మ్యూజియానికి పోయినా ముందు ఆసియా గదులకు పోయి బొమ్మ కింద చిన్న అక్షరాలు చదువుత. ఎక్కడ దొరికింది, ఎవరు ఇచ్చిన్రు, ఏ ఏడు వచ్చింది. పడిగె దొరకలేదు, ముందే చెప్తున్న, సినిమా కథలెక్క ఆఖర్ల దొరుకుతదని ఎదురుచూడకండి. కానీ ఆ చిన్న అక్షరాలు చదివీ చదివీ ఒకటి అర్థమైంది. కొన్నోడి పేరు ఉంటది, ఇచ్చినోడి పేరు ఉంటది. కుట్టినోడి పేరు దగ్గర తెగ పేరు మాత్రమే ఉంటది.

వాషింగ్టన్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఆదివాసుల జాతీయ మ్యూజియమే ఉంది. 2004 సెప్టెంబరులో తెరిచిన్రు. పార్లమెంటు భవనానికి కూతవేటు దూరంలో, అన్ని తెల్లటి స్తంభాల భవనాల మధ్యలో, గాలికి నీళ్లకు అరిగిన కొండచరియలెక్క పసుపు రాతి భవనం. ఎక్కడా మూల తిరిగినట్టు ఉండదు. దాని రూపం మొదట గీసింది డగ్లస్ కార్డినల్ అనే ఆదివాసి మూలాలున్న వాస్తుశిల్పి. వాకిలి తూర్పుకు ఉంటది. టికెట్ లేదు. లోపల భోజనశాల పేరు మిట్సిటమ్, అంటే స్థానిక తెగల భాషల్లో "తిందాం" అని. పేరు చూసి నవ్వొచ్చింది. మనింటికి ఎవరన్నా వస్తే మొదట అనే మాట అదే గదా. అక్కడ నూనెలో వేయించిన రొట్టె తిన్న. సైన్యం నిర్బంధంలో ఉన్న నవాహోలకు సర్కారు ఇచ్చిన రేషన్ పిండితో పుట్టిన రొట్టె అని చెప్తరు. ఇప్పుడు అది వాళ్ల పండుగ తిండి. ఒంటికి మంచిది కాదని వాళ్లే అంటరు, వాళ్లే తింటరు. జొన్న గట్క పోయి రేషన్ బియ్యం వచ్చిన మన వంటిండ్లు యాదికొచ్చినయి.

బడిల మనం "రెడ్ ఇండియన్లు" అని చదువుకున్నం. ఆ మాట అక్కడ ఎవరూ అనరు, మీరూ మానేయండి. ఎవరి తెగ పేరు వాళ్లు చెప్తరు: లకోటా, నవాహో, మొహాక్. నేను పోయినప్పుడు సర్కారు గుర్తింపు ఉన్న తెగలే 574.

ఆ మ్యూజియంలో ఒక గది నిండా ఆదివాసి బొమ్మ వేసుకున్న సామాన్లు: మోటారు సైకిళ్లు, వెన్న డబ్బాలు, సినిమా పోస్టర్లు, చివరికి టోమహాక్ క్షిపణి. మనుషులను ఊళ్లలోంచి తరిమి, వాళ్ల బొమ్మను మాత్రం ఇంటింటికీ తెచ్చుకున్నరు. మన దగ్గర మంత్రి వచ్చిన ప్రతిసారీ కొమ్ములు పెట్టించి హెలిపాడ్ దగ్గర ఆడిస్తరు చూడండి, అట్లనే. ఆడినోళ్లకు పోడు పట్టా వచ్చిందా లేదా అని ఎవరూ అడగరు.

కానీ నన్ను ఆపేసింది పై అంతస్తులో ఒప్పందాల గది. అమెరికా సర్కారుకూ తెగలకూ మధ్య రాసుకున్న ఒప్పందాలు. చాలామటుకు సర్కారు తప్పినవే. అందులో 1794 నాటి కనండైగ్వా ఒప్పందం గురించి చెప్పాలి. హాడెనోషోనీ అని ఆరు తెగల కూటమి ఉంది, దానితో చేసుకున్నది. దాని ప్రకారం సర్కారు ఏటా నాలుగువేల ఐదువందల డాలర్ల విలువైన సరుకు ఇవ్వాలి. ఇప్పటికీ ఇస్తున్నరు, బట్ట రూపంలో. రెండు వందల ముప్పై ఏండ్లలో ధరలు ఎంత పెరిగినయి, బట్ట ముక్క ఎంత చిన్నదై ఉంటది, మీరే లెక్కేయండి. అయినా వాళ్లు ఆ బట్ట తీసుకోవడం మానలేదు. డబ్బులు ఇస్తం, బట్ట వద్దనుకోండి అంటే ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ బట్ట వచ్చినంత కాలం ఒప్పందం బతికున్నట్టు. ఆ ముక్క చూసి నాకు మన ఒకటి బై డెబ్బై గుర్తొచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దన్న 1970 నాటి చట్టం ఇంకా పుస్తకంలో ఉంది. మనం దాన్ని ఏటా అడుగుతున్నమా? వాళ్లు బట్టను అడిగినట్టు?

ఈ మ్యూజియం కూడా మచ్చలేనిది కాదు. దీని మూల సంపద జార్జ్ గుస్తావ్ హే అనే ఒక్క న్యూయార్కు ధనవంతుడు పోగేసింది, దాదాపు ఎనిమిది లక్షల వస్తువులు. ఆయన ఊళ్లకు ఊళ్లు పెట్టెలు పెట్టెలుగా కొనుక్కపోయిండు. అమ్మినోళ్లలో ఎంతమంది ఇంట్ల మా నాయనమ్మ లాంటి రోగులు ఉండెనో. ఇప్పుడు వాషింగ్టన్ పొలిమేరలో ఆ వస్తువులు దాచిన భవనంలో తెగల వాళ్లకు చోటు ఇచ్చిన్రు. తమ వస్తువు దగ్గరికి పోవచ్చు, ధూపం వెయ్యొచ్చు, పూజ చేసుకోవచ్చు. అగ్గి అంటే మ్యూజియం వాళ్లకు ఎంత భయమో తెలిస్తే, ఇది చిన్న సంగతి కాదని మీకు అర్థమైతది.

ఇక డెన్వర్. అక్కడి ఆర్ట్ మ్యూజియంలో నేను చూడాలనుకున్నది అక్కడ లేదు. లేదనే పోయిన.

న్యూ మెక్సికోలో జూని అని ఒక తెగ ఉంది. వాళ్లకు అహయూద అని జంట యుద్ధదేవుళ్లు. చెట్టు మొద్దుతో చెక్కుతరు. ఊరి చుట్టూ కొండల మీద, మెట్టల మీద గుడి లాంటి చోట్లలో ఆరుబయట నిలబెడతరు. కొత్త దేవుణ్ని పెట్టినప్పుడు పాత దేవుణ్ని పక్కన ఉంచుతరు, పారెయ్యరు. అక్కడే ఎండకు ఎండి, వానకు నాని, పురుగు పట్టి, మెల్లగా మట్టిలో కలవాలి. అట్లా కలిసేటప్పుడే ఆ దేవుని శక్తి లోకానికి అందుతదని వాళ్ల నమ్మకం. ఆ దేవుళ్లను దొంగలు, బేరగాళ్లు, పరిశోధకులు ఎత్తుకపోయి మ్యూజియంలకు చేర్చిన్రు. మ్యూజియం ఏం చేసింది? పురుగు పట్టకుండా మందు కొట్టి, చల్లటి చీకటి గదిలో భద్రంగా పెట్టింది. అంటే దేవుణ్ని చావనియ్యకుండా, పని చెయ్యనియ్యకుండా ఆపింది. కాపాడుడు అంటే ఏందో ఇద్దరికీ రెండు అర్థాలు.

1978లో జూని పెద్దలు అడుగుడు మొదలుపెట్టిన్రు. అప్పటికి ఆ 1990 చట్టం ఇంకా పుట్టనే లేదు. కోర్టుకు పోలేదు, కొట్లాడలేదు. వాళ్లు చెప్పింది ఒక్కటే మాట: "ఈ దేవుడు ఏ ఒక్క జూని మనిషి సొత్తూ కాదు. అందరిదీ. అందరి వస్తువును అమ్మే హక్కు ఒక్కడికి లేదు. కాబట్టి గుడి బయట ఎక్కడ కనిపించినా అది దొంగసొత్తే." డెన్వర్ మ్యూజియం మొదట బెట్టు చేసింది, తర్వాత ఒప్పుకున్నది. 1980లో దేవుళ్లు తిరిగిపోయిన్రు. ఆ తర్వాత ఒక్కొక్క మ్యూజియం నుంచి పదుల సంఖ్యలో వచ్చిన్రు. మళ్లా దొంగలు పడకుండా జూనివాళ్లు గట్టి గోడల చోటు కట్టిన్రు, కానీ పైకప్పు వెయ్యలేదు. ఎండ, వాన పడాలి గదా. పురుగు మందు కొట్టి వచ్చినయి కూడా ఇప్పుడు ఆ ఆకాశం కింద మెల్లగా పాతబడుతున్నయి.

నేను డెన్వర్‌లో ఒక బల్ల మీద కూర్చొని ఆ మాటనే మళ్లా మళ్లా అనుకున్న: అందరి వస్తువును అమ్మే హక్కు ఒక్కడికి లేదు. పడిగె మా తాతది కాదు. గట్టుది. మా తాత దాన్ని మోసేవాడు మాత్రమే. మరి తాత దొంగ అయిండా? ఆ ప్రశ్న ఇంత దూరం వచ్చి అడుగుకోవాల్సి వచ్చింది నాకు. జూని పెద్దల మాటలో ఒక సంగతి ఉంది. వాళ్లు అమ్మినోణ్ని పట్టుకొని తిట్టలేదు. అమ్మకమే చెల్లదన్నరు. ఆకలికి, రోగానికి చేసిన అమ్మకం అమ్మకమే కాదు. ఆ రోజు తాత మీద నా కోపం సగం దిగింది. మిగతా సగం ఇంకా ఉంది, ఎందుకు దాచాలె.

ఫీనిక్స్ ఎండ మన భద్రాచలం ఎండ. అక్కడ హర్డ్ మ్యూజియం ఉంది, 1929లో ఒక భార్యాభర్తలు పెట్టింది. నగలు, కుండలు, కంబళ్లు చాలా బాగుంటయి, ఆ గదులు నేను తొందరగా దాటేసిన. బోర్డింగ్ బడుల గదికి పోయిన. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే ఊళ్లో ఒక సైనికాధికారి మొదలుపెట్టిండు. పిల్లలను తల్లిదండ్రుల దగ్గరి నుంచి వందల మైళ్ల దూరం తెచ్చి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాష మాట్లాడితే కొట్టి, తెల్లోళ్లలెక్క చెయ్యాలె. మనిషిని బతికించాలంటే లోపలి ఆదివాసిని చంపాలనే అర్థం వచ్చేటట్టు ఆయన బహిరంగంగా మాట్లాడిండు. అటువంటి బడులు దేశమంతా నాలుగు వందలకు పైగా నడిచినయి. ఆ గదిలో ఒక మంగలి కుర్చీ ఉంది. దాని చుట్టూ నేల మీద జుట్టు. అంతే. దాని ముందు ఎవరూ మాట్లాడరు.

2024లో అక్కడి సర్కారే లెక్క తీసి, ఆ బడుల్లో తొమ్మిది వందల డెబ్బై మూడు మంది పిల్లలు చనిపోయినట్టు తేల్చింది. తక్కువల తక్కువ అంత. నేను ఫీనిక్స్ చేరకముందు కొద్ది రోజులకే, అక్టోబరు 25న, ఊరి పక్కన గీలా రివర్ తెగ భూమి మీద నిలబడి అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పిండు. ఊళ్లో ఒక పెద్ద రోడ్డు పేరే ఇండియన్ స్కూల్ రోడ్. ఆ బడి 1891 నుంచి 1990 దాకా నడిచింది. ఇప్పుడక్కడ పార్కు.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివిన. మీలో చాలామంది అంతే. మా బడిల కోయ మాట్లాడితే పావలా జరిమానా ఉండేది. నా పావలాలన్నీ అట్లనే పోయినయి. అట్లని కార్లైలూ మన హాస్టలూ ఒకటే అని నేను చెప్పను. మనం సెలవులకు ఇంటికి పోయినం, మన పేర్లు మనకే ఉన్నయి, ఆ బడి పెట్టిన అన్నమే నన్ను ఇంత దూరం తెచ్చింది. కానీ మంగలి కుర్చీ ముందు నిలబడితే నాకు ఆ పావలాలు గుర్తొచ్చినయి. మా తాత పాడిన గట్టు కథ నాకు సగమే వచ్చు. మిగతా సగం ఎక్కడ పోయిందో నాకు తెలుసు.

శాన్ ఫ్రాన్సిస్కోలో అల్కట్రాజ్ దీవికి పడవలో పోతరు. అందరూ పాత జైలు చూడనీకి, పెద్ద పెద్ద దొంగల గదులు చూడనీకి పోతరు. 1895లో అదే దీవిలో పందొమ్మిది మంది హోపీ తెగ మనుషులను నెలల తరబడి బంధించిన్రు. నేరం ఏందంటే, తమ పిల్లలను సర్కారు బడికి పంపమన్నరు. ఫీనిక్స్‌లో కుర్చీ చూసి వచ్చినదానికి ఇది వింటే ఎట్లుంటది?

జైలు మూతపడినంక, 1969 నవంబరు 20న, ఎనభై తొంభై మంది ఆదివాసి యువకులు, ఎక్కువమంది విద్యార్థులు, పడవల్లో పోయి ఆ దీవిని ఆక్రమించిన్రు. వాళ్లలో మొహాక్ తెగ రిచర్డ్ ఓక్స్ ముందున్నడు. మేం ఊరికే తీసుకోం, ఇరవై నాలుగు డాలర్ల గాజుపూసలూ ఎర్రబట్టా ఇచ్చి కొనుక్కుంటం అని ప్రకటన చేసిన్రు. మన్‌హాటన్ దీవిని తెల్లోళ్లు అంత ధరకే కొన్నరని చెప్పుకునే కథకు అది ఎదురుజవాబు. నవ్వుకుంటనే కొట్టిన దెబ్బ. పందొమ్మిది నెలలు ఉన్నరు. కరెంటు కోసిన్రు, నీళ్లు ఆపిన్రు. 1971 జూన్ 11న పోలీసులు దింపిన్రు. దీవి దక్కలేదు. కానీ ఆ ఆక్రమణ నడుస్తుండగానే, 1970 జూలైలో, తెగలను గుర్తింపు లేకుండా రద్దు చేసే విధానం వద్దని అధ్యక్షుడు నిక్సన్ ప్రకటించాల్సి వచ్చింది. వాళ్లు ఎర్రరంగుతో రాసిన అక్షరాలు రేవు గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద ఇంకా ఉన్నయి. ట్యాంకు మీది అక్షరాలు మాసిపోతే 2012లో అవే అక్షరాలు సర్కారు ఖర్చుతో మళ్లా రాయించిన్రు. గోడమీద నినాదం రాస్తే కేసు పెట్టే చోటు నుంచి పోయిన నాకు అది వింతగానే తోచింది.

అదే నగరంలో ఒకప్పుడు విశ్వవిద్యాలయం మ్యూజియం ఉండేది. యాహి తెగలో ఆఖరి మనిషి 1911లో అడవి నుంచి బయటికొస్తే అక్కడికి తెచ్చిన్రు. సొంత పేరు చెప్పడం వాళ్ల ఆచారం కాదు. అందుకని ఇషి అని పిలిచిన్రు, అంటే వాళ్ల భాషలో "మనిషి". మ్యూజియంలోనే బతికిండు, ఊడ్చే పని చేసిండు, ఆదివారాలు జనానికి బాణాలు చేసి చూపించిండు. 1916లో క్షయతో పోయిండు. కోసి చూడొద్దన్నా కోసిన్రు. మెదడు తీసి వాషింగ్టన్ పంపిన్రు. 2000లో తిరిగి తెచ్చి, బంధువు తెగల వాళ్లు మట్టిచేసిన్రు.

ఇప్పుడు మన సంగతి. అమెరికా 1990 చట్టం ఆ దేశపు తెగలకే. మా పడిగె ఒకవేళ అక్కడ ఏ పెట్టెలోనో ఉన్నా, ఆ చట్టం పట్టుకొని మేం అడగలేం. 2024 జూలైలో భారత్, అమెరికా దొంగ పురావస్తువుల మీద ఒప్పందం చేసుకున్నయి. సెప్టెంబరులో రెండు వందల తొంభై ఏడు వస్తువులు ఇచ్చేసిన్రు, మీరు వార్తల్లో చూసే ఉంటరు. మంచిదే. కానీ అవి సర్కారు నుంచి సర్కారుకు. అందులో గూడేనికి మాట లేదు. మన 1972 పురావస్తు చట్టం వందేండ్లు దాటిన వస్తువు దేశం దాటకుండా చూస్తది. ఒక గట్టు వస్తువు గట్టుకే చెందుతదన్న మాట అందులో లేదు. అందరి వస్తువును ఒక్కడు అమ్మలేడన్న మాట లేదు.

నాగాలు మొదలుపెట్టిన్రు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉన్న తమ పూర్వీకుల ఎముకల కోసం ఊరూరా తిరిగి పెద్దలతో మాట్లాడుతున్నరు. 2024 అక్టోబరులో, నేను అమెరికాలో ఉండగానే, ఇంగ్లండులో ఒక వేలం సంస్థ ఒక నాగా పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగాలు గొడవ చేస్తే వెనక్కి తీసుకున్నది. మన రాజగోండుల, కోయల, కొండరెడ్ల ఫొటోలు, సినిమా రీళ్లు వందల కొద్దీ లండన్‌లో ఉన్నయి. 1940లలో హైమెన్‌డార్ఫ్ దొర తీసినవి. చాలామటుకు ఇంటర్నెట్టులో చూడొచ్చు. చూడండి. మీ తాతల ముఖాలు ఉండొచ్చు. కింద తెగ పేరు, ఊరి పేరు ఉంటయి, మనిషి పేరు ఉండకపోవచ్చు. ముసలోళ్లు బతికి ఉండగానే ఫోన్ పట్టుకపోయి చూపించి, పేరు అడిగి రాసుకోండి.

నేను ఆ పని మా ఇంట్లనే మొదలుపెట్టిన. వచ్చిన వారానికి మా చిన్నబాబాయ్ దగ్గర కూర్చున్న. ఆయన చిన్నతనంలో తాత పక్కన తూతకొమ్ము ఊదేటోడు. పడిగె లేకుండ పాడుమంటే మొదట కోప్పడ్డడు. "బొమ్మ లేనిదే మాట ఎట్లొస్తదే" అన్నడు. తర్వాత ఒక తువ్వాల నేల మీద పరిచి, ఇది పడిగె అనుకో అని, ఖాళీ బట్ట మీద వేలు పెట్టి చూపిస్తూ పాడిండు. మూడు రాత్రులు. నేను రాసుకున్న, రికార్డు చేసిన. ఏడు బొమ్మల దాకా వచ్చింది. ఎనిమిదో బొమ్మ దగ్గర ఆగిపోయిండు. పులి పక్కన ఒక ఆడమనిషి ఉండాలట, ఆమె చేతిలో ఏమున్నదో యాదికి వస్తలేదట. అది తెలిస్తే తర్వాతి పాట వస్తదట.

మా గట్టు కొలుపు జరిగిన ఊళ్ల నుంచి ఇవాళ మీలో చాలామంది వచ్చిన్రు. మీ ఇండ్లల్ల పాత ఫొటోలు ఉంటే, కొలుపువి, పెండ్లివి, ఏవైనా, వెనకాల ఎర్రటి మూడు మూలల బట్ట కనిపిస్తదేమో చూడండి. కుడిచేతి పక్క పులి ఉంటది. దాని పక్కన నిలబడ్డ ఆమె చేతిలో ఏమున్నదో చూసి నాకు చెప్పండి.